తినేవాడి తీర్పు

డబ్బిచ్చి తిండి కొనుక్కున్నవాడికి ఆ తిండి ఎట్లా ఉన్నదో చెప్పే హక్కు ఉన్నది. ఇందులో వివాదం లేదు. రొట్టె ఎండిపోయిందనీ, అడిగింది ఒకటైతే పొట్లంలో కట్టింది మరొకటనీ, పది నిమిషాల పనికి అరగంట నిలబెట్టారనీ అతను అంటే వినవలసిందే. కాకా హోటల్లో సర్వరు మీద కేకలు వేసే పెద్దమనిషి మొదలుకుని, అమెరికా పట్నాలలో శాండ్‌విచ్ దుకాణానికి ఫోను మీద నక్షత్రాలు వేసే విద్యార్థి వరకూ అందరూ ఈ హక్కును వాడుకుంటున్నవారే. అంగడి యజమాని కూడా దీన్ని కాదనడు. కాదనకపోగా, మీ అనుభవం ఎట్లా ఉన్నదో చెప్పమని వెంటబడి అడుగుతాడు.

వివాదం ఉన్నది మరొక చోట. తినేవాడి అనుభవం అతనికి ఏమి చెప్పగలదు, ఏమి చెప్పలేదు? అది చెప్పలేని సంగతులను తెలుసుకోవలసిన బాధ్యత అతనికి ఉన్నదా? వాటిని అతని చెవిని వేసిన పనివాడు యజమానికి ద్రోహం చేసినట్టా, తినేవాడికి న్యాయం చేసినట్టా? భూమి, కూలి, యుద్ధం, శాంతి ఇన్ని సమస్యలుండగా శాండ్‌విచ్‌ను గురించి చర్చ ఏమిటని కొందరు అడగవచ్చు. కాని మనిషికీ మనిషికీ ఉన్న సంబంధం ప్రతిరోజూ అందరి కళ్ళ ఎదుటా డబ్బు రూపంలో చేతులు మారే చోటు అంగడి తిండి. పెద్ద సమస్యల నీతి అక్కడ చిల్లరగా చెలామణీ అవుతూ ఉంటుంది. పైగా ఈ ప్రశ్నలు కల్పించినవి కావు. అమెరికాలో పార్సెలు శాండ్‌విచ్‌లు అమ్మే ఒక దుకాణం దగ్గర పుట్టి, ఆరేళ్ళపాటు తీర్పుల మీద తీర్పులకు కారణమైనవి. ముందు ఆ వ్యవహారం చూద్దాం.

జిమ్మీ జాన్స్ అనేది 1983లో ఇలినాయ్ రాష్ట్రంలోని చార్ల్‌స్టన్ అనే చిన్న పట్నంలో మొదలైన శాండ్‌విచ్ అంగడి. తరువాత దేశమంతటా శాఖలుగా పెరిగింది. పేరూ పద్ధతీ కంపెనీవి. చాలా చోట్ల అంగడి మాత్రం ఆ పేరు వాడుకునేందుకు రుసుము కట్టే స్థానిక యజమానిది. తీరికగా కూర్చుని భోంచేసే హోటలు కాదిది. కౌంటరు ముందు నిలబడి కావలసింది చెబితే, అవతలివాడు పొడుగాటి రొట్టెను చీల్చి, లోపల మాంసమూ జున్నూ కూరముక్కలూ పెట్టి, కాగితంలో చుట్టి చేతికిస్తాడు. లేదా మనిషి చేత ఇంటికి పంపిస్తాడు. "వెర్రి వేగం" అనే అర్థం వచ్చే మాటను కంపెనీ తన ప్రకటనల్లో ఏళ్ళ తరబడి వాడుకున్నది. తమ దగ్గర కొనేవాళ్ళు మెచ్చుకోవలసింది మొదట ఆ వేగాన్నేనని కంపెనీ ఉద్దేశం.

మినసోటా రాష్ట్రంలో మినియాపొలిస్ ప్రాంతాన మిక్‌లిన్ అనే సంస్థ ఇట్లాంటి శాఖలు పది నడిపింది. అక్కడి పనివాళ్ళు, 1905లో షికాగోలో పుట్టిన ఐ.డబ్ల్యు.డబ్ల్యు. అనే యూనియన్ ద్వారా సంఘటితం కావడానికి ప్రయత్నించారు. 2010 అక్టోబరులో వోటింగు జరిగింది. యూనియన్‌కు అనుకూలంగా 85 వోట్లూ, వ్యతిరేకంగా 87 వోట్లూ వచ్చాయి. రెండు వోట్లతో ఓడిపోయారు. ఓడినంత మాత్రాన వాళ్ళ కోర్కెలు మాసిపోలేదు. వాటిలో ముఖ్యమైనది జబ్బు సెలవు. జబ్బు చేసినవాడికి జీతంతో సెలవు లేదు. జీతం లేకపోయినా సరే ఇంటి దగ్గర పడుకుంటానంటే, తన బదులు పనిచేసే మనిషిని తానే వెతికి తేవాలి. మనిషి దొరక్క, తానూ రాకపోతే శిక్ష. అంచేత ఒళ్ళు కాలిపోతున్నా వచ్చి రొట్టెలు కోయవలసి వస్తున్నదని వాళ్ళ ఫిర్యాదు.

2011 మొదట్లో, జలుబులూ జ్వరాలూ ముమ్మరంగా ఉండే చలికాలంలో, వాళ్ళొక పోస్టరు వేశారు. అందులో రెండు శాండ్‌విచ్‌ల బొమ్మలు పక్కపక్కన ఉన్నాయి. ఒకటి ఆరోగ్యంగా ఉన్న పనివాడు చేసింది, రెండోది జబ్బుమనిషి చేసింది అని వాటి కింద రాసి ఉన్నది. తేడా ఏమైనా కనిపిస్తున్నదా అని చూసేవాడికి ప్రశ్న. కనిపించదు, రెండూ ఒక్కలాగే ఉన్నాయి. పనివాళ్ళకు జబ్బు సెలవు లేదనీ, మీ ఒంట్లో రోగాన్ని తట్టుకునే శక్తి ఎంత ఉన్నదో చూసుకోండనీ ఎత్తిపొడుపు మాటలతో పోస్టరు ముగిసింది. మొదట సెలవు ఇవ్వమని యజమానిని అడిగి, ఇవ్వకపోయేసరికి వాళ్ళు ఈ బొమ్మను జనం కంటపడే చోట్ల అతికించారు. మార్చిలో ఆరుగురి ఉద్యోగాలు పోయాయి.

1935 నాటి కార్మిక సంబంధాల చట్టం కింద ఏర్పడిన జాతీయ బోర్డు 2014లో ఈ తొలగింపులు చెల్లవన్నది. 2016లో అప్పీలు కోర్టులో ముగ్గురు న్యాయమూర్తుల బెంచి బోర్డును బలపరిచింది. 2017 జులై 3న అదే కోర్టు న్యాయమూర్తులందరూ కూర్చుని విచారించి, తొలగింపుల విషయంలో ఆ తీర్పును తిరగవేశారు. అది ఏకగ్రీవ నిర్ణయం కాదు. అయినా నిర్ణయం నిర్ణయమే. జబ్బు సెలవు అడగడం తప్పు కాదనీ, అడిగిన పద్ధతి తప్పనీ కోర్టు అభిప్రాయపడింది. యజమాని అమ్మే సరుకునే కొనేవాడి దృష్టిలో చెడగొట్టడం విశ్వాసఘాతుకం కింద లెక్కకట్టింది. ఇందుకు 1953లో సుప్రీం కోర్టు ఇచ్చిన ఒక తీర్పును ఆధారం చేసుకున్నది. ఆ కేసులో పనివాళ్ళు తాము పనిచేసే టెలివిజన్ కేంద్రం కార్యక్రమాలు నాసిగా ఉన్నాయని కరపత్రాలు పంచి ఉద్యోగాలు పోగొట్టుకున్నారు.

వ్యవహారం ఇదీ. ఇక విచారణ.

ఆ పోస్టరులో అన్నిటికన్నా విలువైనది భయపెట్టే మాట కాదు, బొమ్మ. రెండు శాండ్‌విచ్‌లూ ఒక్కలాగే ఉండటమే అందులోని వాదం. తినేవాడి అనుభవానికి ఉన్న హద్దును ఆ బొమ్మ ఒక్క చూపులో చూపించింది. సరుకు రుచిని బట్టి దాన్ని ఎటువంటి పరిస్థితుల్లో, ఎవరి చేతుల కింద చేశారో తెలియదని మార్క్సు 1867లోనే 'పెట్టుబడి'లో వివరించాడు. అక్కడ అది అర్థశాస్త్ర సూత్రం. ఇక్కడ అది కాగితంలో చుట్టి చేతికి వచ్చింది. నాలుకకు ఉప్పూ కారమూ తెలుస్తాయి. వేడీ చల్లనా తెలుస్తాయి. రొట్టె కోసినవాడికి నిన్న రాత్రి నిద్ర ఉన్నదో లేదో, ఈ నెల అద్దె కట్టాడో లేదో తెలియదు.

నీతి సంగతి అట్లా ఉంచి వట్టి ఆరోగ్యం సంగతే చూసినా నాలుక పనికిరాని సాక్షి. వాంతులూ విరేచనాలూ కలిగించే నోరోవైరస్ అమెరికాలో తిండి ద్వారా వచ్చే జబ్బులకు ముఖ్యమైన కారణాలలో ఒకటి. అది తగులుకున్న పనివాడి చేతుల నుంచి తిండిలోకి పాకుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. జబ్బు తగ్గినట్టనిపించిన తరువాత కూడా కనీసం రెండు రోజులపాటు వంట పనికి దూరంగా ఉండాలని ఆ దేశపు ఆరోగ్యశాస్త్రజ్ఞులు చెబుతారు. రెండు రోజుల జీతం పోతే ఇల్లు గడవని మనిషికి ఈ సలహా ఇవ్వడం తేలిక. అతను పాటించడం ఎట్లా? అవతల శాండ్‌విచ్ తిన్నవాడేమో బ్రహ్మాండంగా ఉన్నదని చెబుతాడు. అతను అబద్ధం చెప్పడం లేదు. అతని అనుభవం అంతవరకే.

తినేవాడి పొట్టకు ఏ సంబంధమూ లేని సంగతులు మరికొన్ని ఉన్నాయి. ఈ కంపెనీ పేరుతో నడిచే అంగళ్ళలో పనివాళ్ళ చేత సంతకం పెట్టించిన ఒక ఒప్పందం 2014లో పత్రికల కెక్కింది. ఉద్యోగం మానేసిన తరువాత రెండేళ్ళపాటు, ఆ కంపెనీ శాఖ దేనికైనా మూడు మైళ్ళలోపు ఉన్నదీ, రాబడిలో పదోవంతుకు మించి శాండ్‌విచ్‌ల మీద వచ్చేదీ అయిన అంగడిలో పనిచేయరాదని అందులో షరతు. రొట్టెలో మాంసం పెట్టడం ఎంత గొప్ప వ్యాపార రహస్యమో గాని, ఒక చోట ఆ పని నేర్చినవాడు మరొక చోట ఆ పనితో బతకకూడదు. 2016లో న్యూయార్కు, ఇలినాయ్ రాష్ట్రాల అటార్నీ జనరళ్ళు పట్టుకున్న మీదట ఆ షరతు వదులుకోవడానికి కంపెనీ ఒప్పుకున్నది. ఆ అంగళ్ళలో వేలమంది శాండ్‌విచ్‌లు తిన్నారు. ఈ షరతు ఒక్కరి నాలుకకైనా తగిలిందా?

ఇక ఈ అనుభవాన్ని అంగడి యజమాని ఎందుకు అంత ఆత్రంగా అడుగుతాడో ఆలోచించాలి. కొనేవాడే రాజు అనీ, కొనేవాడు ఎన్నడూ పొరపాటు పడడనీ పెద్ద వర్తకులు ప్రచారం చేయడం గత శతాబ్దం ఆరంభం నుంచీ ఉన్నది. ఈ రాజుకు రాజ్యమెంత? రొట్టె ధర అతను నిర్ణయించడు. కౌంటరు వెనక ముగ్గురుండాలా ఇద్దరుండాలా అన్నది అతను నిర్ణయించడు. జబ్బు సెలవు సంగతి అతన్ని ఎవరూ అడగరు. అతనికి అప్పగించిన అధికారం ఒక్కటే: ఎదురుగా కనబడే మనిషి మీద ఫిర్యాదు చేయడం. ముగ్గురి పని ఇద్దరి చేత చేయించాలని యజమాని నిర్ణయించినందువల్ల ఆలస్యమైతే, కొనేవాడికి కనిపించేది నిర్ణయం కాదు, తడబడుతున్న చెయ్యి. అతను ఆ చేతికి తక్కువ మార్కులు వేసి పోతాడు. ఆ మార్కులు యజమాని దగ్గరకు చేరతాయి. ఆయన వాటిని చూపి, మరింత చురుగ్గా పనిచేయమని అదే చేతిని గద్దిస్తాడు. ఈ రకంగా కొనేవాడు జీతం లేని మేస్త్రీ అవుతున్నాడు. పైగా మేస్త్రీకి తాను మేస్త్రీనని తెలుసు. ఇతనికి తాను రాజునని భ్రమ.

ఇది ఎక్కడో అమెరికాలో జరిగే వింత అనుకోనక్కర్లేదు. హైదరాబాదులో, విజయవాడలో మోటారు సైకిలు మీద అన్నం పొట్లాలు మోసే కుర్రవాళ్ళు ఇట్లాంటి నక్షత్రాల కిందనే తిరుగుతున్నారు. వాన వెలిసిందాకా ఆగితే ఒక నక్షత్రం పోవచ్చు. చదువుకోసం అమెరికా వెళ్ళిన మన పిల్లల్లో కౌంటరుకు ఇవతల నిలబడ్డవాళ్ళూ ఉన్నారు, అవతల నిలబడ్డవాళ్ళూ ఉన్నారు. ఇవతల నిలబడ్డప్పుడు ఉండే తొందర, అవతల నిలబడ్డప్పుడు ఉండే అలసట ఒకే మనిషికి తెలిసే అవకాశం వాళ్ళకున్నది. ఆ రెంటినీ కలిపి ఆలోచించడం వేరే సంగతి.

కోర్టు వాదాన్ని న్యాయంగా పరిశీలించకుండా తోసేయడం తగదు. దానిలో బలమున్నది. ఆ శాఖలు పదేళ్ళు నడిచినా తిండివల్ల జబ్బుచేసిన సంఘటనలు ఆరోగ్య శాఖ లెక్కల్లో రెండే ఉన్నాయి. పోస్టరు చూసినవాడేమో ప్రతి శాండ్‌విచ్చూ విషమేనని భయపడవచ్చు. సెలవు తగాదా రేపు తీరిపోయినా ఈ భయం తీరదు. అంగడి మూతపడితే పనివాళ్ళ బతుకులూ పోతాయి. పనిచేసే చోటును కూలగొట్టే హక్కు పనివాడికి ఉన్నదా అన్నది కోర్టు ప్రశ్న.

దీనికి మూడు విధాల సమాధానం చెప్పుకోవచ్చు. మొదటిది: లెక్కల్లోకి ఎక్కినవి రెండే అన్నంత మాత్రాన జరిగినవి రెండే అని అర్థం కాదు. సోమవారం శాండ్‌విచ్ తిని బుధవారం కడుపు పట్టుకున్న మనిషి నేరం దేనిమీద మోపాలో తెలియక ఊరుకుంటాడు. రుచి చెప్పలేని సంగతిని లెక్క మాత్రం పూర్తిగా చెబుతుందా? రెండవది: పోస్టరు అతిశయోక్తి చెప్పిందనుకుందాం. అంగడి ప్రకటనల్లో అతిశయోక్తి లేదా? తాజాదనాన్ని గురించీ వేగాన్ని గురించీ యజమాని పెంచి చెబితే అది వ్యాపారం. ప్రమాదాన్ని గురించి పనివాడు పెంచి చెబితే అది ద్రోహం. ఒకే గోడ మీద ఇద్దరికి రెండు న్యాయాలు. పోస్టరులో తప్పు ఉంటే సరిదిద్దుతూ ఇంకో పోస్టరు వేసే శక్తి యజమానికి ఎక్కువే ఉన్నది.

మూడవదే అసలైనది. విశ్వాసం ఎవరిపట్ల? యజమాని కొనేవాడితో, నేను నీ పక్షాన ఉన్నానంటాడు. పనివాడితో, నువ్వు నా పక్షాన ఉండాలంటాడు. ఈ రెండూ నిజమైతే పనివాడు కొనేవాడి పక్షాన ఉన్నా యజమానికి కోపం రాకూడదు. కాని జబ్బుతో రొట్టె కోసిన మనిషి ఆ మాట పైకి చెప్పిన నాడు యజమాని అతన్ని బయటికి పంపాడు. అంటే కొనేవాడి పక్షం వహించే అధికారం కూడా యజమాని తన కొక్కడికే ఉంచుకున్నాడన్నమాట. అబద్ధం చెప్పి అంగడిని నాశనం చేసేవాణ్ణి ఎవరూ సమర్థించనక్కర్లేదు. అబద్ధం ముందు మోసం చేసేది తినేవాణ్ణే. కాని వంట చేసేవాడికి అన్ని ఒప్పందాలకన్నా పాతదైన నీతి ఒకటుంది. తాను తినడానికి సందేహించేదాన్ని ఎదుటివాడికి పెట్టకూడదు. పెట్టక తప్పని పరిస్థితి వస్తే కనీసం చెప్పాలి. ఆ ఆరుగురూ చేసింది ఇదే. దీన్ని ద్రోహమన్న చట్టం, వంటవాడి నీతికన్నా వర్తకుడి పరపతికి ఎక్కువ విలువ కట్టింది.

ఇంతవరకూ పనివాళ్ళ తరఫున మాట్లాడాం. వాళ్ళు ఎంచుకున్న మార్గంలో ఉన్న చిక్కును కూడా చెప్పాలి. వాళ్ళు తినేవాడితో, మేము బాధపడుతున్నాం అనలేదు. నీకు ముప్పు వస్తుంది అన్నారు. ఎందుకన్నారో ఊహించవచ్చు. మొదటి మాటకు ఆగేవాళ్ళు తక్కువ, రెండో మాటకు అందరూ ఆగుతారు. ఈ చిక్కు కొత్తది కాదు. అప్టన్ సింక్లేర్ 1906లో 'ది జంగిల్' నవల అచ్చువేశాడు. షికాగో మాంసం ఫ్యాక్టరీలలో వలస కార్మికుల బతుకు ఎట్లా ఛిద్రమవుతున్నదో చూపడం అతని లక్ష్యం. పాఠకులు తమ పళ్ళెంలోకి వచ్చే మాంసాన్ని తలుచుకుని హడలిపోయారు. అదే ఏడు మాంసం తనిఖీ చట్టమూ, కల్తీ తిండినీ మందులనూ అరికట్టే చట్టమూ వచ్చాయి. కార్మికుల కూలీ, పనిగంటలూ ఎక్కడివక్కడే ఉన్నాయి. తాను జనం గుండెకు గురిపెడితే దెబ్బ వెళ్ళి పొట్టకు తగిలిందని సింక్లేర్ తరువాత వాపోయాడు.

పొట్టకు తగిలిన దెబ్బవల్ల మంచి జరగదని కాదు. ఆ చట్టాలు మంచివే. కాని పొట్ట తన భద్రతను కోరుకుంటుంది. ఆ భద్రత ఏ దారిన వచ్చినా దానికి అభ్యంతరం లేదు. జబ్బుమనిషికి జీతంతో సెలవిచ్చినా పొట్టకు భద్రతే. జబ్బుమనిషిని ఆ పూటే పనిలోనుంచి తీసేసినా భద్రతే. వట్టి పొట్టగా ఆలోచించే కొనేవాడు ఈ రెంటికీ తేడా చూడలేడు. ఆ పోస్టరులోని రెండు శాండ్‌విచ్‌లకు తేడా కనిపించనట్టే ఈ రెండు పరిష్కారాలకూ తేడా అతనికి కనిపించదు. అంచేత భయం పనివాడికి ఒక పూట చుట్టం కావచ్చు, చిరకాలపు నేస్తం కాలేదు.

ఈ కథలో మరొక విశేషమున్నది. జీతంతో జబ్బు సెలవు ఇవ్వాలని మినియాపొలిస్ నగరం 2016లో శాసనం చేసింది. అది 2017 జులై 1న అమలులోకి వచ్చింది. ఆరుగురి తొలగింపు సరైనదేనని కోర్టు చెప్పింది అదే నెల 3న. కోర్కె న్యాయమైనదని నగరం ఒప్పుకున్న రెండు రోజులకు, ఆ కోర్కెను గట్టిగా వినిపించినవాళ్ళు ఉద్యోగాలకు తగరని కోర్టు తేల్చింది. 2024 జనవరి 1 నుంచి మినసోటా రాష్ట్రమంతటా ఇట్లాంటి చట్టం అమలవుతున్నది. ముప్పై గంటల పనికి ఒక గంట చొప్పున, ఏడాదికి 48 గంటల దాకా సెలవు కూడుతుంది. ఫలితం తరువాతివాళ్ళు అనుభవిస్తున్నారు. మొదట నోరు విప్పినవాడికి దక్కేది వేరు.

తినేవాడు ఎప్పటికీ పొట్టగానే మిగిలిపోతాడని నిరాశపడనక్కర్లేదు. అందుకు నిదర్శనం అమెరికా చరిత్రలోనే ఉన్నది. దక్షిణాది రాష్ట్రాలలో వర్ణవివక్ష సాగిన రోజుల్లో, చాలా హోటళ్ళు నల్లజాతి మనిషి డబ్బు తీసుకుని తిండి పొట్లం కట్టి ఇచ్చేవి, కూర్చోనిచ్చేవి కావు. పార్సెలు అనేది అక్కడ సౌకర్యం కాదు, వెలి. 1960 ఫిబ్రవరి 1న నార్త్ కరొలైనా రాష్ట్రంలోని గ్రీన్స్‌బరో పట్నంలో నలుగురు కాలేజీ విద్యార్థులు వూల్‌వర్త్ దుకాణంలో ఏవో చిల్లర సామాన్లు కొని, భోజనపు కౌంటరు ముందు కూర్చుని కాఫీ అడిగారు. ఇవ్వలేదు. దుకాణం మూసేదాకా వాళ్ళు లేవలేదు. మర్నాడు మరికొందరు వచ్చారు. ఆ ఉద్యమం దక్షిణాది అంతటా పాకింది.

వాళ్ళు కొనేవాళ్ళుగానే అక్కడికి వెళ్ళారు. వాళ్ళ ఫిర్యాదు కాఫీ రుచి మీద కాదు. అదే కాఫీని పొట్లం కట్టి ఇచ్చినట్టయితే రుచి మారేది కాదు. మనిషి తినేది తిండి ఒక్కటే కాదు, దానితోపాటు అతను ఎదుటివాడితో ఒక సంబంధాన్ని కూడా లోపలికి తీసుకుంటాడనీ, ఆ సంబంధం కుళ్ళినదైతే తిండి ఎంత తాజాదైనా మింగరాదనీ వాళ్ళు రుజువు చేశారు. జులై 25న ఆ కౌంటరు తెరుచుకున్నది. ఆ రోజు దాని ముందు కూర్చుని మొట్టమొదట తిన్న నల్లవాళ్ళు, అదే దుకాణంలో పనిచేసేవాళ్ళు. యూనిఫారం విడిచి, ఇవతలికి వచ్చి కూర్చున్నారు. అన్నేళ్ళూ వడ్డించే చేతులుగా మాత్రమే లెక్కకు వచ్చినవాళ్ళు ఆనాడు తినేవాళ్ళయారు. కౌంటరుకు అటూ ఇటూ ఉన్నది ఒకే జాతి జీవులని చెప్పడానికి ఇంతకంటే వ్యాఖ్యానం అవసరం లేదు.

మన భాషలో భోంచేసి లేచేవాడు "అన్నదాతా సుఖీభవ" అనే ఆచారం ఉన్నది. ఈ మాటలో ఎంత ఔదార్యమున్నా అది చేరిన చిరునామా మాత్రం ఒక్కటే. విందులో ఆ దీవెన అందుకున్నది ఇంటి యజమాని; పొగలో కళ్ళు తుడుచుకుంటూ వండినవాళ్ళు కాదు. అంగట్లో కొనుక్కు తినే కాలం వచ్చేసరికి ఆ దీవెన కూడా పోయింది. డబ్బిచ్చాంగదా, మనకు మనమే అన్నదాతలం అనుకుంటున్నాం. కాని అదే మాటను మనం నేడు రైతుకు వాడుతున్నాం. అంటే పెట్టుబడి పెట్టినవాడినుంచి పండించినవాడి దగ్గరకు ఆ మాట ఒక అడుగు నడిచింది. ఇంకొక అడుగు వేసి వండినవాడి దగ్గరకు, కట్టి ఇచ్చినవాడి దగ్గరకు అది చేరాలి. అప్పుడు ఆ దీవెనకు అర్థమేమిటి? వండినవాడు సుఖంగా ఉండుగాక అని. ఒంట్లో బాగా లేనినాడు పడుకుని లేచేందుకు వీలుండుగాక అని. ఆ పోస్టరు అడిగింది సరిగ్గా అదే. దీవెనగా అంటే సంస్కారమనీ, కోర్కెగా అంటే ద్రోహమనీ తీర్పు చెప్పడం కుదరదు.

అయితే కొనేవాడు ఏమి చేయాలి? శాండ్‌విచ్ కొనేముందు పనివాడి నాడి పట్టుకు చూడమని ఎవరూ అనరు. ఇనాము నాలుగు డబ్బులు ఎక్కువ పడేస్తే తీరే బాధ్యత కూడా కాదిది. దయ చూపించి సరిపెట్టుకునే కొనేవాడు దయ చూపని నాడు కూడా తన కేమీ లోటు లేదనుకుంటాడు. జబ్బు సెలవు వంటివి చట్టం వల్లా, సంఘబలం వల్లా రావలసినవే. కొనేవాడి మంచితనం వాటికి బదులు కాదు.

అతను చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. తన ఫిర్యాదును చేరవలసినవాడి దగ్గరకు చేర్చడం మొదటిది. ఆలస్యానికి కారణం కౌంటరు దగ్గరి చెయ్యా, దాని వెనక ఉన్న లెక్కల పుస్తకమా అని ఒక్క నిమిషం ఆలోచించకుండా మార్కులు వేయడం అన్యాయం. వేగం తనకు నిజంగా కావాలా, లేక కావాలని తనకు నేర్పారా అని ప్రశ్నించుకోవడం రెండవది. మూడవది అన్నిటికన్నా ముఖ్యం. పనివాడు తన పరిస్థితి చెప్పుకున్నప్పుడు, ఆ మాటకు తన నాలుక సాక్ష్యంతో సమానమైన విలువ ఇవ్వాలి. నేను తిన్నాను, నాకేమీ కాలేదు అన్నది జవాబు కాదు. తినేవాడి అనుభవం ఒక సాక్షి. వండినవాడి అనుభవం రెండవ సాక్షి. ఒక్క సాక్షిని మాత్రమే విని, రెండవ సాక్షిని కోర్టు బయటికి గెంటి చెప్పిన తీర్పును తీర్పు అనడానికి వీల్లేదు.